మన తాతముత్తాతల జాడ తీసిన సురవరం ప్రతాపరెడ్డిగారు

ప్రతి ఉగాదికి మన కొంతం చౌక్ వీధులలో పంచాంగం వింటాము. శాలివాహన శకం ఇన్నవ సంవత్సరం అని పంతులుగారు చదువుతారు, మనం తల ఊపుతాము, తర్వాత రాశిఫలాలకు చెవి ఒగ్గుతాము. ఆ శకం లెక్క ఎంత దూరం ప్రయాణం చేసినదో నాకు ఈమధ్యనే తెలిసినది. ఫిలిప్పీను దీవులలో, మనీలా నగరానికి దగ్గర లగూనా అనే ప్రాంతంలో, 1989లో ఒక రాగిరేకు వెలుగులోకి వచ్చినది. దానిమీద శక సంవత్సరం 822, వైశాఖ మాసం అని చెక్కి ఉన్నది. ఇంగ్లీషు లెక్కలో అది క్రీ.శ. 900. అది ఏ రాజో యుద్ధం గెలిచిన శాసనం కాదు. ఒక కుటుంబం బాకీ తీరిపోయినదని వ్రాసి ఇచ్చిన చెల్లుచీటీ. అప్పులు, చీటీలు ఎరుగని మగ్గం ఇల్లు మన పేటలో లేదు గనుక, ఈ సంగతి చదివినప్పుడు నాకు వారెవరో దూరపు చుట్టాల్లాగే తోచారు.

ఆ దీవులను స్పెయినువారు 1565 నుండి ఆక్రమించి 1898 వరకు ఏలారు. మేము రాకముందు ఇక్కడ నాగరికత అనేదే లేదని ప్రచారం చేసుకున్నారు. ఏలేవారు ఎక్కడైనా చెప్పే మాట అదే. అక్కడ హోసే రిజాల్ అనే కంటివైద్యుడు దానిని నమ్మలేదు. 1889 ప్రాంతంలో లండన్ వెళ్ళి, బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని, మోర్గా అనే స్పానిష్ అధికారి 1609లో అచ్చువేసిన పాత పుస్తకాన్ని చేతితో నకలు వ్రాసుకున్నాడు. దానికి అడుగడుగునా తన వివరణలు చేర్చి 1890లో పారిస్ నగరంలో అచ్చువేయించాడు. తమవారికి సొంత లిపి ఉన్నది, ఓడలు కట్టే నేర్పు ఉన్నది, పంటలు, వర్తకం, నేత ఉన్నవి, బరంగై అనే ఊరి కట్టుబాటు, దాతు అనే ఊరి పెద్ద ఉన్నారు అని పాలకుల పుస్తకంలోనుంచే తీసి చూపించాడు. 1896 డిసెంబరు 30న ఆయనను ప్రభుత్వం కాల్చి చంపినది. రాగిరేకు సంగతి పాపం ఆయనకు తెలియనే తెలియదు.

అదే 1896లో, మే 28వ తేదీన, మన తెలుగుదేశంలో అట్టి పనికే ఒకరు పుట్టారు. ఆయన సురవరం ప్రతాపరెడ్డిగారు. రిజాల్‌కు వచ్చినట్లు ఆయనకు మరణశిక్ష రాలేదు. కాని తెలంగాణలో ఏమున్నది, తెలుగువాడికి ఏమున్నది అన్న మాటకు జవాబు చెప్పడంలోనే ఆయన జీవితం గడిచిపోయినది. మన పిల్లలకు శివాజీ మహారాజు తెలుసు, తిలక్ తెలుసు, తెలియవలసినదే. ప్రతాపరెడ్డిగారు మాత్రం తెలియదు. నాకూ ముప్పై ఏళ్ళు వచ్చేదాకా తెలియదని ఒప్పుకుంటున్నాను. పెద్ద చదువు చదివినవాడను కాను. మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాగా చేరాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఆయన తల్లిగారి ఊరు బోరవెల్లి, స్వగ్రామం ఇటిక్యాలపాడు. రెండూ నాటి మహబూబునగరం జిల్లావి, నేడు జోగులాంబ గద్వాల జిల్లాలోనివి. మన పేటలో సగం ఇళ్ళు తమది పాలమూరు వైపు అని చెప్పుకుంటాయి. ఆ పాలమూరు ఇదే. తండ్రి నారాయణరెడ్డిగారు, తల్లి రంగమ్మగారు. ఆ ప్రాంతంలో తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. తుంగభద్రకు ఇవతలి గట్టు నిజాముది, అవతలి గట్టు కర్నూలు, ఇంగ్లీషువాడిది. రెండు గట్లమీదా మాట ఒకటే, తిండి ఒకటే, పెండ్లి సంబంధాలు ఒకటే. కాని ఇవతల కచేరీలో ఉర్దూ, అవతల కచేరీలో ఇంగ్లీషు. తెలుగు మాత్రం రెండు గట్లమీదా వాకిట్లోనే నిలబడి ఉన్నది.

పిల్లవాడు ఏరు దాటి కర్నూలులో చదువుకున్నాడు. అక్కడ సంస్కృతం నేర్చాడు. తర్వాత హైదరాబాదు నిజాం కళాశాల, ఆపైన మద్రాసులో బి.ఎ., న్యాయశాస్త్రం. కొంతకాలం వకీలు పని చేశారు. ఉర్దూ బాగా వచ్చినవాడు, ఇంగ్లీషు వచ్చినవాడు, పట్టా ఉన్నవాడు. నాలుగేళ్ళు కోర్టుకు తిరిగితే మేడలు కట్టగలిగేవాడు. ఆ దారి వదిలిపెట్టారు. హైదరాబాదులో రెడ్డి హాస్టలు కార్యదర్శిగా ఉండి, పల్లెలనుంచి వచ్చిన విద్యార్థులను చూసుకుంటూ, అక్కడి గ్రంథాలయానికి పుస్తకాలు పోగుచేస్తూ గడిపారు. ఆ హాస్టలు ఒక కులంవారు తమ పిల్లలకోసం పెట్టుకున్నదే. ఆ రోజులలో ప్రతి కులమూ ముందు తన పిల్లల భోజనం, బస చూసుకున్నది. మన పద్మశాలీలు సోలాపురంలో చేసినదీ అంతే గదా. అక్కడ నిలబడి ఆయన ఎంత దూరం చూశారన్నదే ముఖ్యం.

ఆనాటి హైదరాబాదులో తెలుగు స్థితి ఎట్లా ఉండేదో ఒక సంఘటనతో తెలుస్తుంది. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధినిలో ఒక సంఘసంస్కార సభ జరిగినది. పూనానుంచి వచ్చిన మహర్షి కర్వేగారు అధ్యక్షులు. కొందరు ఇంగ్లీషులో, కొందరు ఉర్దూలో, కొందరు మరాఠీలో మాట్లాడారు. ఆలంపల్లి వెంకటరామారావుగారనే వకీలు లేచి తెలుగులో మొదలుపెట్టగానే సభలో గోల చేసి, చప్పట్లు చరిచి, ఆయనను కూర్చోబెట్టేశారు. నిజాం రాష్ట్రంలో జనాభా లెక్కలలో తెలుగువారే ఎక్కువ. అయినా నడి హైదరాబాదులో ఆ మాట నోరెత్తలేకపోయినది. ఆ అవమానంతోనే మాడపాటి హనుమంతరావుగారు మొదలైనవారు ఆంధ్ర జనసంఘం పెట్టారు. ఇది మరాఠీ సోదరులను తప్పుపట్టడానికి వ్రాయడం లేదు. మనకు నూట యాభై ఏళ్ళుగా నీడ ఇచ్చినది వారి నేల. తన మాటకు సభలో చోటు లేనప్పుడు మనిషికి ఎట్లా ఉంటుందో మనకు తెలుసు గనుక చెప్పాను.

1922లో నల్లగొండనుంచి నీలగిరి పత్రిక, వరంగల్లు వైపు ఇనుగుర్తినుంచి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రిక వచ్చినవి. రెండూ ఎక్కువకాలం నిలవలేదు. అప్పుడు ప్రతాపరెడ్డిగారు పూనుకుని 1926 మే 10న గోలకొండ పత్రిక ప్రారంభించారు. వారానికి రెండుసార్లు వచ్చేది. సంపాదకుడు ఆయనే, ప్రూఫులు దిద్దేది ఆయనే, అవసరమైతే గుమాస్తా కూడా ఆయనే. వేరువేరు కలం పేర్లతో పత్రిక సగం తానే నింపేవారు. అక్కడ పత్రిక నడపడం అంటే కత్తిమీద సాము. సభ పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలి, దానికి గస్తీ నిషాన్ తిర్పన్ అని ఒక ఉత్తరువు ఉండేది. ఆయన వ్యాసాలు సర్కారుకు కంటకమైనప్పుడు, సంపాదకీయాలు ముందుగా చూపించి అనుమతి పొందాలని ఆంక్ష పెట్టారు. ఆయన చూపించలేదు, ఎదురు తిరిగి కేకలూ వేయలేదు. సంపాదకీయం ఉండవలసిన చోట ప్రపంచంలోని మహనీయుల సూక్తులు ఏరి అచ్చువేస్తూ పోయారు. స్వేచ్ఛను గురించి ఏ మహాత్ముడో ఎప్పుడో అన్న మాటను ఏ అధికారి కొట్టివేయగలడు? చదివేవాడికి అర్థం కావలసినది అర్థమయ్యేది. పై అధికారి మెమో ఇస్తే మేము గుమాస్తాలం నీళ్ళు నములుతాము. ఈ ఉపాయం మాకెవరికీ తట్టదు.

1930లో మెదకు జిల్లా జోగిపేటలో నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ మొదటిసారి కూడినది. దానికి ఆయననే అధ్యక్షుణ్ణి చేశారు. ఆ పక్కనే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన స్త్రీల మహాసభ కూడా జరిగినది. తొమ్మిదేళ్ళ క్రితం ఒక వకీలు తెలుగులో నోరు విప్పలేకపోయిన రాజ్యంలో, ఊరి పందిట్లో తెలుగులోనే సభ నడిచినది.

ఆ రోజులలోనే మరొక మాట వచ్చినది. నిజాం తెలంగాణంలో కవులు పూజ్యమని ముడుంబై వెంకటరాఘవాచార్యులుగారు ఒక పత్రికలో వ్రాశారు. పూజ్యం అంటే సున్న. కోపంతో పది వ్యాసాలు వ్రాసి తిట్టవచ్చును. ప్రతాపరెడ్డిగారు అట్లా చేయలేదు. ఊరూరికీ కబురు పంపి, కవుల వివరాలు, పద్యాలు తెప్పించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో లెక్కకు 354 మంది కవులు తేలారు. నోటిమాటకు లెక్కతో జవాబు. గూడ్సు ఆఫీసులో రసీదు పుస్తకం తెచ్చి ముందు పెట్టినట్లు. నేను పెద్ద విమర్శకుణ్ణి కాను, ఆ 354లో గొప్పవారు ఎందరో, సామాన్యులు ఎందరో చెప్పలేను. గొప్ప సామాన్యం తర్వాత సంగతి. ముందు లేరన్నమాట అబద్ధమని తేలినది.

ఆయన చాలా రంగాలలో వ్రాశారు. కథలు ఉన్నవి, రామాయణ విశేషములు అనే పరిశీలన ఉన్నది. 1931లో హిందువుల పండుగలు అనే పుస్తకం వ్రాశారు, ఉగాదినాడు మన ఇళ్ళలో ఉండవలసిన పుస్తకం అది. భక్త తుకారాం అనే నాటకం కూడా వ్రాశారు. ఆషాఢమాసంలో వారకరుల పాలకీలు మన సోలాపురం జిల్లా పండరిపురానికి చేరే దృశ్యం చూస్తూ పెరిగిన మనకు, పాలమూరు రెడ్డిగారు దేహూ తుకారాం మీద తెలుగు నాటకం వ్రాశారంటే ఎంతో ఆత్మీయంగా ఉంటుంది.

అయితే ఆయన పేరు నిలిచిపోయినది ఆంధ్రుల సాంఘిక చరిత్ర వల్ల. అది 1949లో వెలువడినది. అంటే 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసిన మరుసటి ఏడు. క్రీ.శ. 1050 ప్రాంతం నుంచి 1907 వరకు తెలుగువారు ఎట్లా బ్రతికారో అందులో ఉన్నది. ఇంగ్లీషువాడు రాకముందు ఏడు వందల ఏళ్ళు, వచ్చిన తర్వాత నూట యాభై ఏళ్ళు. రాజుల పేర్లు, యుద్ధాల తారీఖులు వ్రాసినవారు చాలామంది ఉన్నారు. ఆ రాజు క్రింద ఉన్న మనిషి ఏమి తిన్నాడు, ఏమి కట్టాడు, పిల్లలు ఏ ఆటలు ఆడారు, ఆడవారు ఏ నగలు పెట్టారు, సంతలో దేనికి ఎంత ఇచ్చారు అన్నది ఎవరూ వ్రాయలేదు. ఎందుకంటే దానికి ఆధారం లేదనుకున్నారు. ఆధారాలు మన కావ్యాలలోనే ఉన్నవని ఆయన పసిగట్టారు. మరాఠీలో రాజవాడేగారు పాత దఫ్తరాల కాగితాలకోసం ఊళ్ళు తిరిగారు. మన వైపు అటువంటి దఫ్తరాలు తక్కువ. అందుచేత ప్రతాపరెడ్డిగారు పద్యాలలో తిరిగారు. శతకాలు, చాటువులు, సామెతలు, శాసనాలు, ఊరి కైఫీయతులు, పరదేశపు యాత్రికుల వ్రాతలు, దేనినీ వదలలేదు.

ఆయనకు ఏ కవి ఇష్టమో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సంస్కృతంనుంచి అనువదించిన మహాకావ్యాలకంటె పాల్కురికి సోమనాథునికి ఎక్కువ చోటు ఇచ్చారు. కారణం సులువు. సోమనాథుడు జనంమధ్య తిరిగినవాడు, చూసినది చూసినట్లు జాబితాలు వ్రాసినవాడు. ఆటలు, పాటలు, వాద్యాలు, వంటలు, చివరకు గుడ్డల పేర్లు. మణిపట్టు, జయరంజి, వెంజావళి, మహాచీని వంటి పేర్లు ఆయన వ్రాతలో వరుసగా వస్తాయి. ఏడు వందల ఏళ్ళనాటి గుడ్డల కొట్టు ముందు నిలబడినట్లుంటుంది. బసవపురాణంలో జేడర దాసయ్య కథ ఉన్నది. తాను నేసిన వస్త్రాన్ని ఇచ్చేసిన సాలె భక్తుడు ఆయన. మగ్గంమీద కూర్చున్నవాణ్ణి కావ్యంలో నాయకుణ్ణి చేసినవాడు సోమనాథుడు.

ఓరుగల్లును చూపించడానికి క్రీడాభిరామం పనికివచ్చినది. అది రాజసభ వర్ణన కాదు. ఇద్దరు స్నేహితులు ఊరంతా తిరుగుతూ చూసిన వింతలు. కోడిపందేలు, పొట్టేళ్ళ పోట్లాటలు, పలనాటి వీరుల కథ పాడే స్త్రీలు, పూటకూళ్ళ ఇల్లు. ఆ పూటకూళ్ళ ఇంట్లో ఒక రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, నెయ్యి, పప్పు, కూరలు పెట్టేవారట. మన సోలాపురంలో ఖానావళి నడిపే అమ్మలకు ఈ లెక్క వినిపిస్తే నవ్వుతారు. శ్రీనాథుడు పలనాడు వెళ్ళి అక్కడ జొన్నకూడే దిక్కని విసుక్కున్నాడు. వరి అన్నం అలవాటైన నోరు. మా వంటి జొన్నరొట్టె వాళ్ళ ఊరికి వచ్చి ఉంటే ఇంకెన్ని పద్యాలు చెప్పేవాడో. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో అతిథులకు ఏ ఋతువులో ఏ భోజనం పెట్టారో చెప్పాడు. వానకాలంలో తడి కట్టెల పొగ కమ్మిన ఇండ్లూ చూపించాడు. చక్రవర్తికి పొయ్యి ఊదే కష్టం తెలిసినందుకు నాకు ఆయనమీద గౌరవం పెరిగినది. తర్వాతి కాలానికి శుకసప్తతి, హంసవింశతి పనికివచ్చినవి. రసికుల కథలని పక్కన పెట్టిన ఆ పుస్తకాలలో పిల్లల ఆటల పేర్లు, వృత్తులవారి పనిముట్లు కుప్పలుగా ఉన్నవి.

తెనాలి రామకృష్ణుని పాండురంగ మాహాత్మ్యము మన పండరిపుర క్షేత్రం కథే. అందులో నిగమశర్మ అనే చెడిపోయిన కొడుకు ఇంట్లో నగలు దోచుకుని పారిపోతే ఒక్కొక్కరు ఒక్కొక్క నగ తలచుకుని ఏడుస్తారు. అక్కగారు తన ముక్కర పోయినదని ఏడుస్తుంది. చదివేవారు నవ్వుకుని వదిలేస్తారు. సాంఘిక చరిత్ర వెదికేవాడు ఆ ఏడుపులోనుంచి ఆనాటి నగల పట్టిక వ్రాసుకుంటాడు. ప్రతాపరెడ్డిగారి పద్ధతి అదీ.

సముద్ర వ్యాపారం సంగతీ ఉన్నది. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవుకు వచ్చే పరదేశపు వర్తకులకు అభయశాసనం ఇచ్చాడు. ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకువస్తే రాజు లాక్కునే పాత ఆచారం మాన్పి, సుంకం మాత్రం తీసుకుంటానని హామీ ఇచ్చాడు. రైల్వే పార్సెలు ఆఫీసులో పనిచేసేవాడికి ఆ శాసనం విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆ వైపు సంగతులు వ్రాసిన మార్కోపోలో అక్కడి బట్ట సాలెగూడంత సన్నమని మెచ్చుకున్నాడు. సాలెపురుగుకూ సాలెవాడికీ మన భాషలో పేరు ఒకటే. ఇటలీ వాడు ఆ సంగతి తెలియకుండానే సరిగ్గా పోల్చాడు.

ఇంత మెచ్చుకున్నాక నాకు తోచిన లోపమూ చెప్పాలి. అక్కడక్కడ ఆయన చరిత్ర ఆపి హితబోధకు దిగుతారు. పూర్వుల మూఢనమ్మకాలు చూసి కోప్పడతారు. పత్రికా సంపాదకుడి అలవాటు కాబోలు. కవులు ఎక్కువగా చూసినది గుడి, రచ్చ, సంత, సాని ఇల్లు. గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని రోజంతా కూర్చున్నవాడి ఇంట్లోకి వారు తక్కువగా తొంగిచూశారు. అందుచేత గుడ్డ పేర్లు దొరికినంతగా నేసినవాడి సంగతి దొరకదు. ఇది ప్రతాపరెడ్డిగారి తప్పు కాదు, ఆధారాల తప్పు. అయినా పుస్తకం తెరిచిన పద్మశాలీకి కొంచెం ఆకలి మిగులుతుంది.

ఆ పుస్తకం నాకు దొరికిన విధం చెబుతాను. ఒకసారి రైల్వే పాసుమీద హైదరాబాదు వెళ్ళాను. వాడి మీదుగా వెళ్ళే ఈ దారి 1874లో సికింద్రాబాదు వరకు పడినది. మన పెద్దలు కొందరు కాలినడకన వస్తే, కొందరు ఈ దారినే మూటలతో వచ్చారు. ఆదివారం ఆబిడ్సులో పాత పుస్తకాలు కాలిబాటమీద పరిచి అమ్ముతారు. పిల్లవాడికి లెక్కల గైడు కొనబోయి అట్ట చిరిగిన ఈ పుస్తకం కొన్నాను. నేను నాలుగో తరగతి వరకే తెలుగు బడిలో చదివి, తర్వాత మరాఠీలో చదివినవాడను. మొదట ఒక పేజీకి పావుగంట పట్టేది. రాత్రిళ్ళు బిగ్గరగా చదివేవాడిని. పక్కన మా అవ్వ తన అలవాటు ప్రకారం చేట ముందు పెట్టుకుని బీడీలు చుడుతూ కూర్చునేది. ఆమె ఒక్క అక్షరం ఎరుగదు. పిల్లల ఆటల పేర్లు వచ్చిన చోట చేతులు ఆపి, ఈ ఆట మేము ఆడేవాళ్ళము, దానికి పాలమూరులో వేరే పేరు అని నన్ను దిద్దినది. ఇంగ్లీషు ఏలుబడికి ముందున్న సంగతిని పుస్తకంలో వెదకుతున్న నాకు అది నా ఇంట్లోనే బీడీలు చుడుతూ కనబడినది.

ప్రతాపరెడ్డిగారు 1952 ఎన్నికలలో వనపర్తినుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ఎక్కువకాలం మిగలలేదు. 1953 ఆగస్టు 25న, యాభై ఏడేళ్ళ వయసులో, కన్నుమూశారు. రెండు గట్ల తెలుగువారు 1956లో ఒక రాష్ట్రం కావడం ఆయన చూడలేదు, 2014లో మళ్ళీ వేరుపడడం సరే సరి. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి బహుమతి, 1955లో, ఆంధ్రుల సాంఘిక చరిత్రకే వచ్చినది. అందుకోవడానికి ఆయన లేరు. హైదరాబాదు ట్యాంకుబండుమీద ఆయన విగ్రహం ఉన్నది. ఈసారి హైదరాబాదు వెళ్ళినవారు హుసేన్‌సాగరం గాలికి నిలబడినప్పుడు వెదకి చూడవచ్చును. 2024లో తెలంగాణ ప్రభుత్వం తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టడానికి నిర్ణయించినది.

ఆయన పుస్తకం 1907 దగ్గర ఆగిపోతుంది. ఆ ఏటికే మా ముత్తాత పాలమూరు వదిలి సోలాపురంలో ఒక అద్దెగదిలో మగ్గం వేశాడు. ఆయన ఏమి నేశాడో, కూలి ఎంతో, ఏ బాటను వచ్చాడో, వచ్చేటప్పుడు మూటలో ఏమి తెచ్చుకున్నాడో ఏ కవీ వ్రాయలేదు. మా అవ్వకు కొంత తెలుసు. ఆఫీసులో పనికిరాదని తీసివేసిన ఒక పాత రిజిస్టరు వెనుకవైపు కాగితాలు తెల్లగా ఉంటే అడిగి తెచ్చుకున్నాను. ఆమె చెప్పిన ఆటల పేర్లు, పాటల పేర్లు, పడుగు చేసేటప్పుడు వాడే మాటలు, అప్పు ఇచ్చిన సేటు పెట్టిన షరతులు అందులో వ్రాస్తున్నాను. ఇప్పటికి పదకొండు పేజీలు అయినవి. నిన్న రాత్రి బియ్యం కొలత దగ్గర ఆగాము. మానికకు ఎన్ని సోలలో ఆమెకూ పక్కింటి ముసలమ్మకూ మాట కుదరలేదు.